పదకొండు రోజుల బుడ్డోడు

మబ్బు పట్టకపోయుంటే యల్లమంద ఆ రోజు అంత తొందరపడేవాడు కాదు.

ఏప్రిల్ నెల. రెంటచింతల ఎండ నెత్తి మాడుస్తున్న మధ్యాహ్నం, ఉన్నట్టుండి పడమటి దిక్కు నల్లబడింది. కల్లం నిండా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఒక్క వాన గట్టిగా పడితే చాలు, కాయ రంగు పోయి తాలు కింద జమైపోతుంది. కప్పడానికి పరదా పట్టలేమో ఇంటి దగ్గరున్నాయి. యల్లమంద పరుగున పోయి ట్రాక్టరెక్కాడు. వెనక తగిలించిన ట్రక్కు తగిలించినట్టే ఉంది, దాన్ని విప్పే తీరిక లేదు. స్టార్ట్ చేసి రివర్స్ తీశాడు. ట్రక్కు కింద నుంచి కుక్క అరిచింది. మళ్ళీ అరిచింది. ఉరుముకి అరుస్తుందిలే అనుకుని క్లచ్ వదిలాడు.

ఆ కుక్క పేరు కర్రి. నల్లగా ఉంటుందని కోటేశ్వరమ్మ పెట్టిన పేరు. నాలుగేళ్ళ కిందట ఎక్కణ్ణుంచో వచ్చి యల్లమంద కల్లంలో పడుకుంది, ఇక పోలేదు. పందులు రావాలన్నా, ఊళ్ళో ఆవులు కాయల్లోకి దిగాలన్నా దాన్ని దాటుకునే రావాలి. ట్రాక్టరు ఇంజను చప్పుడు వింటే చాలు, కింద ఎక్కడ పడుకున్నా లేచి దూరంగా పోయి నిలబడేది. ఆ రోజు మాత్రం లేవలేదు. ఎందుకు లేవలేదో యల్లమంద కిందికి దిగి వంగి చూస్తే అప్పుడు తెలిసింది. ట్రక్కు నీడన మట్టి గుంట తవ్వుకుని, పొద్దున్నే పిల్లల్ని పెట్టింది. వాటిని వదిలేసి రాలేకపోయింది.

నాలుగు పిల్లల్లో మూడు తల్లితోనే పోయాయి. నాలుగోది గుంట చివరికి దొర్లి ఉంది. యల్లమంద దాన్ని తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. గోధుమరంగు ఒళ్ళు, మూసుకున్న కళ్ళు, తలకి అతుక్కుపోయిన చెవులు. బొడ్డుతాడు ఇంకా తడారలేదు. ఏడుద్దామని నోరైతే తెరిచింది గానీ గొంతు రాలేదు.

వాన నాలుగు చినుకులు రాల్చి మాచర్ల వైపు వెళ్ళిపోయింది. ఒక్క కాయ కూడా తడవలేదు.

నెత్తిన పట్ట పెట్టుకుని రొప్పుకుంటూ వచ్చిన కోటేశ్వరమ్మ, ట్రక్కు వెనక కూలబడి ఉన్న మొగుణ్ణి చూసింది. తర్వాత కర్రిని చూసింది. నెత్తిన ఉన్న పట్ట అక్కడే పడేసింది.

"అరవలేదా అది?" అంది.

"అరిచింది." యల్లమందకి అబద్ధమాడటం చేతకాలేదు. "ఉరుముకి అరుస్తుందనుకున్నా."

"నాలుగేళ్ళు దానికి అన్నం పెట్టా. ఏనాడన్నా ఉరుముకి అరిచిందా అది? కళ్ళెక్కడ పెట్టుకున్నావయ్యా? దిగి ఒక్కసారి వంగి చూస్తే నీ సొమ్మేం పోయేది?"

 యల్లమంద చేతిలో ఉన్నదాన్ని ఆమె వైపు చాపాడు. కోటేశ్వరమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

"నేను ముట్టుకోను. తల్లి లేకుండా అది బతికేదా ఏందీ? దాని చావు కూడా నన్ను చూడమంటావా?"

కల్లం గట్టు పక్కన గుంట తీసి కర్రినీ, మూడు పిల్లల్నీ పూడ్చాడు యల్లమంద. నాలుగోదాన్ని భుజమ్మీది కండువాలో చుట్టి, చొక్కా లోపల పెట్టుకుని ఇంటికి నడిచాడు.

యాభై నాలుగేళ్ళ మనిషి అతను. కోపిష్టి కాదు, నవ్వుబోతూ కాదు. తన పనేదో తనది. చిన్నప్పటి నుంచి ఎడ్లనీ గేదెల్నీ చూసుకున్నవాడే గానీ, పుట్టి ఒక పూటైనా కాని కుక్కపిల్లని ఎట్లా బతికించాలో అతనికి తెలియదు. పక్క ఊరి రైతు సేవా కేంద్రంలో పశువుల్ని చూసే ప్రవీణ్ అనే కుర్రాడికి ఫోన్ చేశాడు. ప్రవీణ్ బండేసుకుని వచ్చాడు. కోటేశ్వరమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. కండువా విప్పి చూసి పెదవి విరిచాడు.

"చానా కష్టం బాబాయ్. తల్లిపాలు ఒక్క గుక్కన్నా తాగిందో లేదో."

"కష్టమైతే పడతా. ఏం చెయ్యాల్నో చెప్పు."

ప్రవీణ్ ఒక చిన్న సిరంజీ తీసి, సూది పీకేసి చేతికిచ్చాడు. మేకపాలు గోరువెచ్చగా పట్టమన్నాడు. పగలు రెండు గంటలకోసారి, రాత్రిళ్ళు కూడా లేచి పట్టాల్సిందే అన్నాడు. పట్టిన ప్రతిసారీ తడి దూదితో పొట్టకింద తుడవాలి, తల్లి నాకితే గానీ వీటికి ఒంటికీ రెంటికీ రాదు, ఆ తుడవటం మర్చిపోతే పొట్ట ఉబ్బి పోతుంది అన్నాడు. బండెక్కబోతూ మళ్ళీ వెనక్కొచ్చాడు.

"ముఖ్యమైంది చెప్పలా. బోర్లా పడుకోబెట్టి, తల కొంచెం ఎత్తి పట్టాల. తల్లి దగ్గర ఎట్టా తాగుద్దో అట్టా. మన పిల్లల్ని వేసుకున్నట్టు వెల్లకిలా వేసుకుని పట్టావంటే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతయ్. అప్పుడింక నేను కాదు గదా, ఎవరూ ఏం చెయ్యలేరు."

పాలు రషీదా ఇచ్చింది. నాలుగిళ్ళ అవతల ఉంటుంది రషీదా. మొగుడు పోయాక ఆరు మేకల్ని పెట్టుకుని నెట్టుకొస్తున్న మనిషి. యల్లమందని అన్నా అని, కోటేశ్వరమ్మని వదినా అని పిలుస్తుంది. మొదటిరోజు గ్లాసులో పాలు పోసిచ్చి గడపలోనే నిలబడింది.

"నేను కుక్కని ముట్టుకోనన్నా, నమాజు చేసుకోవాల," అంది. కానీ యల్లమంద మోటు వేళ్ళ మధ్య సిరంజీ జారిపోవటం, పిల్ల మూతంతా పాలైపోవటం చూసి ఆమెకి మనసాగలేదు. "ఇట్టా తే. మళ్ళీ కడుక్కుంటాలే," అని లోపలికొచ్చి కూర్చుంది. పిల్లని తొడమీద బోర్లా వేసుకుని, చూపుడువేలితో గడ్డం ఎత్తి, చుక్క చుక్కగా పట్టింది. నాలుగో చుక్కకి దాని గొంతు కదిలింది. "తాగుతుందన్నా!" అంది రషీదా, తను పెంచే మేకపిల్లల్లో ఒకటైనట్టు.

కోటేశ్వరమ్మ ఆ సమయంలో పెరట్లో అంట్లు తోముతూ ఉంది. చప్పుడు కాస్త ఎక్కువే వచ్చింది గానీ తల తిప్పలేదు.

ఎండతో పెద్ద తిప్పలైంది. ప్రవీణేమో వెచ్చగా ఉంచమన్నాడు. వాళ్ళ రేకుల ఇంట్లో పగలు పదకొండయితే మనుషులే ఉడికిపోతారు. మిరపకాయలు మోసే గంపలో పాత నూలుచీర పరిచి, అందులో పిల్లని పెట్టి, ఆ గంపని పట్టుకుని నీడ వెంట తిరిగేవాడు యల్లమంద. పొద్దున వసారాలో, ఎండెక్కాక నీళ్ళ కడవల పక్కన, సాయంత్రం పెరట్లో. కల్లం పనికి పోతే గంప కూడా పోవాల్సిందే. కాయలు ఏరడానికి వచ్చిన ఆడకూలీలు నవ్వారు. "ఏంది యల్లమంద మావా, ఈ వయసులో పసిబిడ్డ?" అన్నారు. అతనూ నవ్వబోయాడు, నవ్వు రాలేదు. వాళ్ళకి కర్రి సంగతి తెలుసు గనక, తర్వాత ఎవరూ ఏమీ అనలేదు.

పెళ్ళాం మాట్లాడకపోవటం అతనికి అన్నిటికంటే బరువైపోయింది. అన్నం పెట్టేది, నీళ్ళు తోడేది, "కళ్ళెక్కడ పెట్టుకున్నావ్" అన్న చూపు మాత్రం ఆమె ముఖంలోంచి పోలేదు. అతను కూడా క్షమించమని అడగలేదు. ఏమని అడుగుతాడు? ఆమె అన్నదాంట్లో తప్పేముంది? రాత్రిళ్ళు ఫోనులో అలారం పెట్టుకుని లేచేవాడు. గంపలో చెయ్యి పెట్టగానే ఆ చిన్న మూతి వేలు వెతుక్కుంటూ వచ్చేది. అప్పుడు మాత్రం గుండెల్లో రాయి కొంచెం కదిలినట్టుండేది.

నాలుగో రోజు కల్లం నుంచి వచ్చేసరికి కిటికీకి తడి గోనెపట్ట కట్టి ఉంది. తను కట్టలేదు. ఆరో రోజు రషీదా ఇంటికి పాలకి పోతే, "వదిన పొద్దున్నే తీసుకుపోయిందిగా," అంది. ఏడో రోజు కడవల దగ్గర కోటేశ్వరమ్మ గొంతుక్కూర్చుని, గంపలోకి వంగి, "ఏందిరా, అప్పుడే ఆకలా?" అనటం వాకిట్లోంచి విన్నాడు. లోపలికి వెళ్ళలేదు. చెప్పులు చప్పుడు కాకుండా మళ్ళీ వీధిలోకి పోయి, కాసేపు ఊరికే నిలబడి వచ్చాడు.

తొమ్మిదో రోజు సాయంత్రం, రేపొస్తుందనుకున్న లారీ ఇవాళే వచ్చింది. టిక్కీ బస్తాలకెత్తిన కాయ గుంటూరు యార్డుకి చేరాలి, వెంట మనిషి ఉండాలి. హమాలీలు బస్తాలు వేసేశారు, డ్రైవరు హారన్ కొడుతున్నాడు. యల్లమంద ఒక కాలు లారీ మెట్టు మీద పెట్టి చెబుతున్నాడు, కోటేశ్వరమ్మ గంప చంకన పెట్టుకుని వింటోంది.

"రెండు గంటలకోసారి. సిరంజీలో మూడో గీత దాకా. వేలు ముంచి చూడు, కాలకూడదు."

"సరే."

"తుడవటం మర్చిపోమాక. ఎండెక్కేలోపల కడవల దగ్గరికి మార్చు."

"పోవయ్యా నువ్వు! నేనొక పిల్లని పెంచలేదా ఏంది?"

ఆ మాటలో విసుగు లేదు. తొమ్మిది రోజుల తర్వాత మొదటిసారి పాత కోటమ్మలా మాట్లాడింది. ఆ సంతోషంలో లారీ ఎక్కేశాడు యల్లమంద. లారీ కదిలింది. అన్నీ చెప్పాననే అనుకున్నాడు.

మర్నాడు పొద్దున గుంటూరు యార్డులో, ఘాటుకి మనుషులు దగ్గుతూ తుమ్ముతూ తిరుగుతున్న గోలలో ఫోను మోగింది.

"నీ సిరంజీ బుడ్డోడికి నచ్చలేదంట," అంది కోటేశ్వరమ్మ. గొంతులో నవ్వు. "పొద్దున సుప్రజ ఉగ్గుగిన్నె తీశా. కాళ్ళు చాపుకుని, కాళ్ళ మీద వేసుకుని పట్టా, మన పిల్లకి పట్టినట్టే. గుటకలేసుకుంటా తాగాడు. రెండుసార్లు తుమ్మాడు కూడా. చిరంజీవ అని దీవించా!"

బుడ్డోడు అంది. పేరు పెట్టేసింది. యల్లమందకి ఆ ఒక్క మాటే వినిపించింది. గోనెసంచుల మధ్య నిలబడి, నరసరావుపేటలో డిగ్రీ చదువుతున్న కూతురు సుప్రజ పసితనం, కోటమ్మ చాపిన కాళ్ళు, వెండి ఉగ్గుగిన్నె ముక్కు, అన్నీ కళ్ళ ముందు కనబడి నవ్వుకున్నాడు. "జాగ్రత్త," అని పెట్టేశాడు.

బస్సు దిగి ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. కోటేశ్వరమ్మ వసారాలో పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"మధ్యాహ్నం నుంచి తాగట్లేదయ్యా. రొమ్ము పట్టినట్టుంది. చూడు ఎట్టా ఎగపోస్తున్నాడో."

యల్లమంద చెవి దగ్గరగా పెట్టాడు. ఆ గుప్పెడు ఒంట్లోంచి గురగురమని శబ్దం వస్తోంది. ముక్కు దగ్గర చిన్న బుడగ, తెల్లగా. వేలితో తుడిచాడు. పాలు. మళ్ళీ ఇంకో బుడగ వచ్చింది. పక్కనే గట్టు మీద కడిగి బోర్లించిన ఉగ్గుగిన్నె ఉంది.

అప్పుడు తట్టింది అతనికి. కాళ్ళ మీద వేసుకుని, అంది. తుమ్మాడు, అంది. ఫోనులో చెప్పింది, తను విన్నాడు. ఒక్క మాట అని ఉంటే తర్వాతి పూటైనా ఆగేది. అసలు లారీ ఎక్కేముందే చెప్పాల్సిన మాట. ప్రవీణ్ బండెక్కబోయి వెనక్కొచ్చి మరీ చెప్పిన మాట.

"ఏంది, అట్టా చూస్తన్నావ్?" అంది కోటేశ్వరమ్మ.

"ఏం లేదు. పొద్దున్నే ప్రవీణ్ దగ్గరికి పోదాం."

ఆ రాత్రి ఇద్దరూ పడుకోలేదు. తెల్లవారగానే గంప తీసుకుని, ఆమెని ఇంట్లోనే ఉండమని, ఒక్కడే వెళ్ళాడు. ప్రవీణ్ పిల్లని చూసి, ముక్కు చూసి, తలెత్తి అతని వంక చూశాడు.

"వెల్లకిలా పట్టారా?"

"నేనే పట్టా," అన్నాడు యల్లమంద.

"అంత చెప్పా గదా బాబాయ్!"

"మర్చిపోయా."

ప్రవీణ్ ఒక ఇంజక్షన్ వేశాడు. వేసి, "ఆశ పెట్టుకోమాక," అన్నాడు.

ఇంటికొచ్చాక కోటేశ్వరమ్మ గంపని చేతుల్లోంచి లాక్కుంది. పిల్లని కొంగులో పెట్టుకుని కడవల పక్కన కూర్చుంది. ఎండెక్కుతోంది. కిటికీకి కట్టిన గోనెపట్ట మీద నీళ్ళు చల్లుతూ యల్లమంద అటూ ఇటూ తిరిగాడు. చేసేదేమీ లేక చల్లుతూనే ఉన్నాడు. పన్నెండు కావస్తుండగా ఆమె పిలిచింది.

"ఏమయ్యా, ఇట్టా రా. కన్ను తెరిచాడు."

నిజమే. ఎడమ కన్ను సన్నగా, దారమంత విచ్చుకుంది. లోపల నీలంగా, నీళ్ళ తడిలా మెరుస్తోంది. రెండోది మూసుకునే ఉంది.

"నన్నే చూస్తున్నాడు," అంది కోటేశ్వరమ్మ. "ఇదిగోరా, నేనే. నేనేరా నీకు పాలు పట్టింది."

యల్లమంద గోడకి తిరిగి నిలబడ్డాడు.

ఇంకో అరగంటకి గురగుర ఆగింది. ఆమె చాలాసేపు గమనించలేదు, కొంగుతో విసురుతూనే ఉంది. అతనికి తెలుసు. ఆమె చేతిలోని కొంగు మెల్లగా పట్టుకుని ఆపాడు.

కల్లం గట్టున కర్రి పక్కనే పూడ్చి, కాళ్ళు కడుక్కుని వచ్చాడు. కోటేశ్వరమ్మ కూర్చున్న చోటు నుంచి కదల్లేదు.

"నేనేమన్నా తప్పు చేశానా?" అని అడిగింది. "నిన్నటిదాకా బాగానే ఉన్నాడు గదా. నా చేతికొచ్చిన రోజే..."

ఆమె ముఖం చూశాడు యల్లమంద. నువ్వే పట్టావు, వెల్లకిలా పట్టావు అనొచ్చు. నేను చెప్పలేదు, అందుకే పట్టావు అని కూడా అనొచ్చు. ఆ రెండిట్లో ఏది అన్నా ఈ మనిషి రేపు ఉగ్గుగిన్నె వైపు, తన చేతుల వైపు ఎట్లా చూసుకుంటుందో అతనికి తెలుసు. ఈ పదకొండు రోజులూ తను ట్రాక్టరు వైపు చూసిన చూపే అది.

"నీ తప్పేముందే. ఎండదెబ్బంట. ప్రవీణ్ చెప్పాడు."

"నిజంగానా?"

"నిజంగానే."

అబద్ధమాడటం చేతకాని మనిషి ఆ అబద్ధాన్ని రెండు నెలలు మోశాడు. ఎవరడిగినా కోటేశ్వరమ్మ "ఎండదెబ్బ తగిలి పోయాడు మా బుడ్డోడు" అని చెప్పేది, చెప్పి కళ్ళొత్తుకునేది. ఆ మాట విన్న ప్రతిసారీ యల్లమంద ఏదో పని ఉన్నట్టు లేచిపోయేవాడు. చిత్రమేమిటంటే ఆమె అతనితో మెత్తబడింది. ఒకరోజు అన్నం వడ్డిస్తూ, "కర్రి విషయంలో నిన్ను చానా మాటలన్నా," అంది. అతను కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

తొలకరి పడింది. పత్తి గింజ పెట్టే రోజులొచ్చాయి. ఒక పొద్దున కోటేశ్వరమ్మ రషీదా ఇంటికి వెళ్ళింది. రషీదా మేక ఒకటి మూడు పిల్లల్ని వేసి ఒకదాన్ని దగ్గరికి రానివ్వటం లేదు. దానికి సీసాతో పాలు పడుతోంది రషీదా.

"ఇట్టా తే, నేను పడతా," అని కోటేశ్వరమ్మ గడపలో కూర్చుని కాళ్ళు చాపింది. మేకపిల్లని కాళ్ళ మీద వెల్లకిలా వేసుకుంది.

"అట్టా వద్దు వదినా!" రషీదా గబుక్కున పిల్లని లేపి నిలబెట్టింది. "అట్టా పడితే పాలు ఊపిరిలోకి పోయి చస్తయ్. మేకలైనా, కుక్కలైనా అంతే. అప్పుడు అన్నకి చెప్పాడంట గదా ఆ ప్రవీణ్..."

అని ఆగిపోయింది. కోటేశ్వరమ్మ తను చాపిన కాళ్ళ వంకే చూస్తూ ఉండిపోయింది.

యల్లమంద చేలో ఉన్నాడు. ఆమె గట్టు దిగి తడి మట్టిలో అడ్డంగా నడిచి వస్తుంటే, నడకలోనే అర్థమైంది అతనికి. చేతిలో ఉన్న గింజల సంచీ కింద పెట్టాడు.

"నీకు తెలుసా?" అంది.

తలూపాడు.

"ఎప్పటినుంచి?"

"గుంటూరు నుంచి వచ్చిన రోజు నుంచి."

"నాకెందుకు చెప్పలా?"

ఆమె అడిగింది లారీ ఎక్కేముందు సంగతో, ఆ తర్వాతి సంగతో అతనికి తెలియలేదు. "లారీ ఎక్కేటప్పుడు మర్చిపోయా," అన్నాడు. "అన్నీ చెప్పా. అదొక్కటే మర్చిపోయా. నువ్వు ఫోనులో చెప్పినప్పుడన్నా నాకు తట్టాల్సింది."

"తర్వాత?"

"తర్వాత చెప్పి ఏం చేసేదే?"

కోటేశ్వరమ్మ చేలోనే కూర్చుండిపోయింది. గట్టిగా ఏడవలేదు. రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. "నన్ను చూశాడయ్యా," అంది. "కన్ను తెరిచి నన్నే చూశాడు. నేనే పాలు పట్టానని చెప్పా వాడికి." యల్లమంద ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె పాదాలకంటిన మట్టి చేత్తో తుడుస్తూ కూర్చున్నాడు. ఆ పూట గింజ పెట్టలేదు.

సాయంత్రం సుప్రజ ఫోన్ చేసింది. కోటేశ్వరమ్మ వంటింట్లో కూర్చుని అంతా చెప్పింది కూతురికి. ఎండదెబ్బ కాదమ్మా అని మొదలుపెట్టి, లారీ, ఉగ్గుగిన్నె, తుమ్ము, ఏదీ దాచకుండా చెప్పింది. వసారాలో మంచం మీద కూర్చున్న యల్లమంద అన్నీ విన్నాడు.

"నా చేతుల్తోనే పోయాడే వాడు," అంటోంది ఆమె.

"ఇద్దరి చేతుల్తో అని చెప్పు," అన్నాడు యల్లమంద, అక్కణ్ణుంచే.

లోపల మాట ఆగింది. "మీ నాన్న ఏదో అంటన్నాడు, ఉండమ్మా," అంది కోటేశ్వరమ్మ. ఫోను చెవి దగ్గరే ఉంచుకుని వసారా వైపు తిరిగింది. అవతల నుంచి సుప్రజ "అమ్మా, అమ్మా" అని పిలుస్తూనే ఉంది.